చందా కట్టినా పాత ప్రతి దక్కదా?



'చందా' అన్న మాటకు మా ఐరాల పక్కన రెండర్థాలు ఉండేవి. వినాయకచవితి పందిరికి ఇంటింటా వసూలు చేసేది ఒకటి. పత్రికకు సంవత్సరాది ముందు మనియార్డరు చేసేది రెండవది. మొదటి చందా ఇచ్చినవారికి చేతికందేది ప్రసాదం మాత్రమే. రెండవదానికి నెలనెలా ఒక సంచిక వచ్చేది, వచ్చినది మన సొత్తయ్యేది. 'భారతి' 1924లో పుట్టి 1991లో ఆగిపోయింది. 1947 జూలైలో పుట్టిన 'చందమామ' కూడా అచ్చు ఆగిపోయి చాలా ఏళ్ళయింది. అయినా ఆనాడు చందా కట్టిన ఇండ్లలో అటకల మీద, చెదపురుగులు దయతలచి వదలినమేరకు, ఆ సంచికలు ఇప్పటికీ ఉన్నవి. చందా ఆపాము గదా అని తపాలా బంట్రోతు వచ్చి పాత సంచికలను మూటగట్టుకొని పోలేదు.

సాఫ్టువేరు వర్తకులు ఈ మాటకు మూడవ అర్థం కల్పించారు. ఈ చందాలో సంచిక మన ఇంటికి వచ్చినట్లే ఉంటుంది గాని మనది కాదు. చందా ఆపితే పోతుంది. అంతవరకు అర్థం చేసుకోవచ్చు, అద్దె మానినవాడు ఇల్లు ఖాళీ చేయవలసిందే. నాకు మింగుడుపడనిది మరొకటి. చందా తప్పకుండా కడుతున్నా సరే, నిరుటి సంచిక కావాలంటే ఇవ్వరు. కొత్తదే చదువు, పాతది నీకెందుకు అంటారు. ఈ టపా ఆ ఒక్క సంగతి గురించే.

'వెర్షను' అనే మాటకు మన బ్లాగరులు ఒకప్పుడు రకరకాల తెలుగు మాటలు పుట్టించారు. నాకు మాత్రం తాళపత్రాలు పరిష్కరించే పెద్దలు వాడిన 'పాఠం' అన్నదే నచ్చుతుంది. ఒక కావ్యానికి కొత్త పాఠం అచ్చయినదని పాత పాఠాన్ని ఎవరూ పొయ్యిలో పెట్టరు. పెట్టి ఉంటే కడపలో బ్రౌను దొర పండితులను కూర్చోబెట్టి ప్రతులు సరిచూపించిన శ్రమకు అర్థమే లేదు. పరిష్కర్తకు పాత ప్రతి ఎప్పుడు అక్కరకు వస్తుందో ముందుగా తెలియదు. కంప్యూటరులోని పాఠాల గతి కూడా అంతే.

ముందు ఆఫీసు సాఫ్టువేరు సంగతి చూద్దాం. మైక్రోసాఫ్టువారు 'ఆఫీస్ 365' అన్న చందా పద్ధతిని 2011 జూన్‌లో సంస్థలకు, 2013 జనవరిలో గృహస్థులకు తెచ్చారు. గృహస్థుల చందా 2020 ఏప్రిల్‌లో 'మైక్రోసాఫ్ట్ 365' అని పేరు మార్చుకొన్నది. కట్టినంతకాలం వర్డు, ఎక్సెలు వగైరాల సరికొత్త పాఠం వస్తూ ఉంటుంది. మానితే ఫైళ్ళు తెరచి చూసుకోవచ్చు, అచ్చు తీసుకోవచ్చు, దిద్దరాదు. ఒకేసారి పైకం చెల్లించి కొన్నవారి దారి వేరు. ఆఫీస్ 2003కు 2014 ఏప్రిల్ 8తోను, 2007కు 2017 అక్టోబరు 10తోను, 2010కి 2020 అక్టోబరు 13తోను, 2016, 2019 పాఠాలు రెంటికీ 2025 అక్టోబరు 14తోను మద్దతు ముగిసింది. మద్దతు ముగియడమంటే హక్కు ముగియడం కాదు. ఈ తేడా చాలామందికి తెలియదు, తెలిసినవారు చెప్పరు. 2003 పెట్టె కొన్న మనిషి ఈనాటికీ దానిని నిర్భయంగా వాడుకోవచ్చు. కొత్త చందా కట్టినంత మాత్రాన ఆ పాత కొనుగోలు రద్దు కాదు.

మరి పాత పెట్టె లేనివాడు, చందా మాత్రమే ఉన్నవాడు, పాత పాఠం కావాలంటే? ఇక్కడ ఒక విచిత్రం ఉన్నది. పెద్ద సంస్థలు మూకుమ్మడిగా కొనే లైసెన్సులలో 'డౌన్‌గ్రేడు హక్కు' అని ఒకటి ఉంటుంది. (దీనిని 'దిగజారే హక్కు' అని తెలిగిస్తే బాగుండదు గనుక 'వెనుకటి పాఠపు హక్కు' అందాం.) కొత్త పాఠానికి సొమ్ము కట్టిన సంస్థ దానికి బదులు అంతకుముందరి పాఠాన్ని వాడుకోవచ్చును. అదే వస్తువును అంగడిలో పెట్టెగా కొన్న బడిపంతులుకు ఆ హక్కు లేదు. చందా విషయంలోనూ ఒకసారి గడువు చూపి తలుపు మూశారు. సంస్థల చందాలో 2013 పాఠాన్ని దింపుకొనే వీలు 2017 ఫిబ్రవరి ఆఖరుతో ఆగిపోయింది. అంటే వెనుకటి పాఠం ఇవ్వడం సాంకేతికంగా అసాధ్యమని కాదు. బేరం చేయగల బలం ఉన్నవానికి ఇస్తారు, లేనివానికి ఇవ్వరు. మా జిల్లాలో మామిడితోట కాపును గుత్తకు ఇచ్చేటప్పుడు కూడా పెద్ద రైతుకు ఒక మాట, నాలుగు చెట్ల రైతుకు ఒక మాట ఉంటుందన్నది నిజమే. కాని ఎవరూ దానిని న్యాయమని కాగితం మీద రాసుకోరు.

అంతకంటె తెలుగువారికి నేరుగా తగిలే దెబ్బ పుటల కూర్పు సాఫ్టువేరులో ఉన్నది. పేజ్‌మేకరు 1985లో ఆల్డస్ సంస్థ చేతిలో పుట్టింది. 1994లో ఆల్డస్‌తోపాటు అడోబీవారి చేతికి వచ్చింది. 2001లో వెలువడిన 7.0 దాని ఆఖరి పాఠం. తెలుగునాట డి.టి.పి. అంగళ్ళు పెరిగినదంతా దాని మీదనే. శుభలేఖలు, కరపత్రాలు, బడి వార్షిక సంచికలు, శతకాలు, స్థలపురాణాలు, పల్లెటూరి కవుల ఖండకావ్యాలు ఇవన్నీ అను, శ్రీలిపి మొదలైన ఖతులతో పేజ్‌మేకరులో కూర్చినవే. పేజ్‌మేకరుకు యూనికోడు తెలియదు. ఆ పాత ఖతులకూ తెలియదు. ఇంగ్లీషు అక్షరాల గూళ్ళలో తెలుగు తలకట్టును ఒకచోట, గుడిని ఒకచోట, వత్తును ఒకచోట దాచిపెట్టి, కూర్చేవాడు ఒక్కొక్కటే తీసి అతికించే పద్ధతి అది. ఖతి లేని కంప్యూటరులో ఆ ఫైలు తెరిస్తే నన్నయ అయినా ఇంగ్లీషు చిల్లరగింజలుగానే కనబడతాడు. వర్డులో ఇంకొక వేడుక జరిగేది. వాక్యం మొదటి అక్షరం పెద్దది కావాలన్న ఇంగ్లీషు మర్యాదను పాటించి యంత్రం తనంత తాను దిద్దితే, తెలుగులో ఒక అక్షరం పోయి ఇంకొకటి కూర్చునేది. వ్యాకరణం నేర్పినవాడిని గనుక అటువంటి 'ఆదేశసంధి' చూసి నవ్వుకొనేవాణ్ణి.

అడోబీవారి ఇన్‌డిజైను సాఫ్టువేరు పేజ్‌మేకరు ఫైళ్ళను తెరచి తనలోకి మార్చుకోగలిగేది. 2012 నాటి సి.ఎస్.6 పాఠం వరకే ఆ సదుపాయం. 2013 మేలో ఆ సంస్థ ఇకపై పెట్టెలు అమ్మము, అంతా చందాయే అని ప్రకటించింది. చందా పాఠాలలో పేజ్‌మేకరు ద్వారం మూసివేసింది. తొలి సంవత్సరాలలో చందాదారుకు సి.ఎస్.6ను కూడా దింపుకొనే వీలుండేది గనుక పెద్ద ఇబ్బంది లేకపోయింది. 2019 మేలో అదీ ముగిసింది. చందాదారులకు అందుబాటులో ఉండేవి చివరి రెండు ప్రధాన పాఠాలేనన్నారు. అంతకంటె పాతవి వాడుతున్నవారికి 'వీటికి మీకిక లైసెన్సు లేదు, వాడితే ఇతరులు మీమీద దావా వేసే అవకాశమున్నది' అన్న అర్థం వచ్చే ఉత్తరాలు వెళ్ళినవి. చందా బాకీ లేదు, దొంగతనం లేదు. నిన్న వాడినది నేడు వాడితే మాత్రం కూడదట. అంతకు ముందటి సంవత్సరం డాల్బీ సంస్థ రాయితీ సొమ్ముల విషయమై అడోబీ మీద వ్యాజ్యం వేసిన మాట నిజమే. అదే కారణమని అనేకులు అనుకొన్నారు గాని ఆ సంస్థ స్పష్టంగా చెప్పలేదు. ఏమైనా వర్తకులిద్దరి తగాదాలో నష్టపోయింది చందాదారు. ఆపైన 2023 జనవరిలో టైప్ 1 ఖతులకు కూడా స్వస్తి చెప్పారు. ఆ రకం ఖతులతో కూర్చిన పుస్తకాలకు అది రెండవ తాళం.

దీనివల్ల ఎవరికి ఏమి కొంప మునిగింది అనవచ్చు. పెద్ద ప్రచురణకర్తలకు మునగలేదు. వారి పుస్తకాలు వేల ప్రతులు అచ్చయినవి, గ్రంథాలయాలలో ఉన్నవి. మా మండలంలో నాతోపాటు పనిచేసిన ఇద్దరు ఉపాధ్యాయులు సెలవురోజులలో సైకిళ్ళ మీద తిరిగి పల్లెల పేర్ల వెనుక కథలు, చెరువుల పేర్లు, సామెతలు, ఆడవాళ్ళ దంపుడు పాటలు సేకరించారు. నేను భాష సరిచూశాను. ఇరవై ఏళ్ళ కిందట చిత్తూరులో 112 పుటల పుస్తకంగా, 500 ప్రతులు వేయించాము. పాటలు చెప్పిన ముసలమ్మలలో నాకు తెలిసి ఎవరూ ఇప్పుడు లేరు. సేకరించిన ఇద్దరిలో ఒకాయన కూడా పోయారు. వారి చేతిరాత నోటుపుస్తకాలు వానకు తడిసినవి. ఆ పుస్తకం నా దగ్గర ఒక్క ప్రతి ఉన్నది, అందులో ఎనిమిది పుటలు కుట్టులోనుంచి ఊడినవి. రెండవ కూర్పు వేద్దామంటే మిగిలిన ఆధారం ఒక్క పేజ్‌మేకరు ఫైలు.

ఆనాడు ఆ పుస్తకం కూర్చినవాడు నా శిష్యుడే. ఇప్పటికీ చిత్తూరులో అంగడి నడుపుతున్నాడు. అడిగితే కొత్త కంప్యూటరు వైపు పోనే పోలేదు. మూలనున్న బీరువా తెరచి, గుడ్డ కప్పిన పాత యంత్రాన్ని బయటకు తీశాడు. దానిలో విండోస్ ఎక్స్‌పీ, పేజ్‌మేకరు 7, ఆనాటి ఖతులు అన్నీ ఎక్కడివక్కడ ఉన్నవి. ఇంటర్నెట్టు తీగ దానికి తగిలించడట. "దీన్ని పారేయమని మా వాడు ఎన్నితూర్లో చెప్పినాడు సార్. ఇది పోతే ఈ జిల్లాలో ముప్పై ఏండ్ల శుభలేఖలు పోతాయి, పుస్తకాలు పోతాయి. ఎట్ల పారేసేది?" అన్నాడు. తరువాత కాస్త గొంతు తగ్గించి, "కొత్తవాటికి నెలనెలా కడతానే ఉండాను గదా. పాతది వాడుకుంటే తప్పా సార్?" అని అడిగాడు. ఆ పాతది అతడు బిల్లుతో కొన్నదే, కాబట్టి తప్పు లేదన్నాను. కాని బిల్లు లేనివారు, చందా మాత్రమే కడుతున్నవారు, ఇదే ప్రశ్న అడిగితే ఏమి చెప్పాలి?

లైసెన్సు లేకుండా పది రూపాయల దొంగ సి.డి. వేసుకోమని నేను చెప్పను. అనుమతి అన్నది చిన్న మాట కాదని మా బాహుదా నది సాక్ష్యం చెబుతున్నది. మా ఐరాల మండలంలోనే ఉన్న కాణిపాకం పక్కన పారే నది అది. ఆ పేరుకు మూలం మహాభారతం శాంతిపర్వంలోని శంఖలిఖితుల కథ. లిఖితుడు అన్నగారి ఆశ్రమంలో అడగకుండా పండు తిన్నాడు. సొంత తమ్ముడని చూడక శంఖుడు దానిని దొంగతనమే అన్నాడు, రాజు చేతులు నరికించాడు. అన్నగారి తపోబలంతో నదిలో మునిగిన తమ్మునికి చేతులు మళ్ళీ వచ్చినవి. చేతులు పోగొట్టుకొన్నవాని పేరు లిఖితుడు కావడం పంతుళ్ళకు చాలా రుచించే సంగతి. ఆ కథలో తప్పు అనుమతి అడగకపోవడం. మన చందాదారు అడిగాడు, వెల చెల్లించాడు, చెల్లిస్తూనే ఉన్నాడు. అయినా చేతులు పోయినవి. ఏ ధర్మశాస్త్రం ప్రకారం?

సమ్మతించాడు గదా అంటారు. అవును, పొడుగాటి ఒప్పందం కింద 'నేను సమ్మతిస్తున్నాను' అన్న మీట నొక్కాడు. కాణిపాకంలో ప్రమాణం చేయడానికి మా పల్లెవాళ్ళు మూడు రోజులు ఆలోచిస్తారు, అబద్ధమైతే వంశానికి తగులుతుందని భయం. ఈ మీట నొక్కడానికి మూడు క్షణాలు కూడా పట్టదు. చదివినా ప్రయోజనం లేదు, ఒక్క మాటైనా మార్చే వీలుండదు. అటువంటి సమ్మతిని పట్టుకొని వాదించడం గెలుపు కావచ్చును గాని న్యాయమనిపించుకోదు.

చట్టం మాట కూడా రెండు వాక్యాలలో చెప్పుకొందాం. అంగడిలో అమ్మే సాఫ్టువేరు సరుకా కాదా అన్న తగువు మన రాష్ట్రానిదే. ఆంధ్రప్రదేశ్ సాధారణ అమ్మకపు పన్ను చట్టం కింద పన్ను పడుతుందని రాష్ట్రప్రభుత్వం, పడదని టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ వాదించుకొన్నవి. 2004 నవంబరు 5న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం అది సరుకేనని తీర్పు చెప్పింది. బుద్ధిలో పుట్టినదే అయినా ఒక సాధనం మీదికి ఎక్కి కొనుగోలుకు, అమ్మకానికి వీలైన తరువాత అది వస్తువే అన్నది దాని సారం. మళ్ళీ 2021 మార్చి 2న విదేశీ సాఫ్టువేరు కొనుగోళ్ళ మీద ఆదాయపు పన్ను వ్యాజ్యంలో, కొనేవాడు కాపీరైటును కొనడం లేదు, కాపీరైటు ఉన్న వస్తువు ప్రతిని కొంటున్నాడు అన్నది అదే న్యాయస్థానం. 1957 కాపీరైటు చట్టం 52వ సెక్షను కూడా న్యాయంగా ప్రతి ఉన్నవాడు, అది పోకుండా పాడుకాకుండా మరొక ప్రతి తీసి దాచుకోవచ్చునన్నది. చూడండి, ప్రతి చేతిలో ఉన్నవానికే ఈ రక్షణలన్నీ. చందా పద్ధతిలో ప్రతి అనేది మన చేతికి రాదు. సరుకు కాస్తా సేవగా మారిపోయింది. క్రయపత్రం ఉన్నచోట కౌలు కాగితం వచ్చింది, అదీ భూమి యజమాని ఎప్పుడంటే అప్పుడు సరిహద్దులు మార్చగల కౌలు.

ఎదుటివారి వాదంలో బలం లేకపోలేదు. పాత పాఠాలలో కన్నాలుంటాయి, దొంగలు దూరుతారు. ఆఫీసులోని 'ఈక్వేషన్ ఎడిటర్ 3.0' ఇందుకు మంచి నిదర్శనం. 2000 నాటి ఆ పనిముట్టులో పెద్ద లొసుగు ఉన్నట్లు 2017 నవంబరులో బయటపడింది. 2018 జనవరిలో మైక్రోసాఫ్టువారు దానిని మొత్తంగా ఊడబెరికారు. భద్రత కోసం అది చేయవలసిన పనే కావచ్చు. కాని ఏళ్ళ తరబడి గణిత ఉపాధ్యాయులు దానితో కూర్చిన ప్రశ్నపత్రాలలో సమీకరణాలు కనబడతాయి, వేలు పెట్టి దిద్దలేరు. దొంగలున్నారని వాకిలికి గోడ కడితే ఇంటివాడు ఎటునుంచి పోవాలి? నా శిష్యుడు తీగ పీకి బీరువాలో పెట్టుకొన్నాడు చూడండి, అది ఆరో తరగతి పిల్లవానికి కూడా తోచే ఉపాయం. ఇంటర్నెట్టుకు తగలని యంత్రంలో, పాత ఫైలు తెరవడానికి మాత్రమే, నీ పూచీ మీద వాడుకో అని ఒక షరతు రాయడానికి కంపెనీ లాయర్లకు ఒక పూట పని.

ఇవ్వాలనుకొంటే ఇవ్వగలరనడానికి వారి చరిత్రలోనే సాక్ష్యం ఉన్నది. సి.ఎస్.2 పాఠానికి అనుమతి సరిచూసే తమ సర్వరును మూసివేసినప్పుడు, 2013 జనవరిలో అడోబీవారు దానిని కొన్నవారికోసం సర్వరును అడగని ప్రతులను, వాటి సంఖ్యలను తమ జాలస్థలిలో ఉంచారు. ఉచితంగా పంచుతున్నారని లోకం ఎగబడింది, కాదు కాదు అని వారు సర్దుకోవలసి వచ్చింది. అయినా చేసినది మంచి పని. కొన్నవారికి చేసిన ఆ మర్యాదను చందాదారులకు కూడా చేయమంటున్నాను. చందా కడుతున్నవానికి ఆ సాఫ్టువేరు వెనుకటి పాఠాలన్నిటి మీద, కనీసం తెరచి చదువుకొనే మేరకు, హక్కు ఉండాలి. కొత్త పాఠం ఒక పాత ఫైలు రకాన్ని వదిలివేసేటట్లయితే, దానిని తెరిచే ఆఖరి పాఠాన్ని చందాదారులకు శాశ్వతంగా అందుబాటులో ఉంచాలి. ఒంటరి గృహస్థు అడిగితే వినరు. ప్రభుత్వం, విశ్వవిద్యాలయాలు, అకాడమీలు కోట్ల రూపాయల చందాలు కడుతున్నవి గదా, ఒప్పందం తిరిగి రాసే ప్రతిసారి ఈ షరతు పెట్టవలసినవారు వారు. వారి బీరువాలలోనూ పాత ఖతుల ఫైళ్ళే ఉన్నవి.

ఒక్కపైసా అడగని లిబ్రెఆఫీసువారిని చూస్తే ఈ పెద్దమనుషులు కొంచెం సిగ్గుపడాలి. 2010 సెప్టెంబరులో మొదలైన ఆ సాఫ్టువేరు పాత పాఠాలన్నీ ఈనాటికీ వారి భాండాగారంలో దొరుకుతవి. అంతేకాదు, 2015లో వచ్చిన 4.4 పాఠం నుంచి అది పేజ్‌మేకరు ఫైళ్ళను తెరుస్తున్నది. కన్నతల్లి వద్దన్న బిడ్డను పొరుగావిడ చేరదీసినట్లు. పుటల అమరిక కొంత చెదురుతుంది, పాత ఖతుల అక్షరాలను యూనికోడులోకి మార్చుకొనే పని మనకే మిగులుతుంది. ఆ మార్పిడి ఉపకరణాలు గద్యానికి బాగానే పనిచేస్తవి. పద్యం దగ్గర అరసున్నలు మాయమవుతవి, బండిఱలు సాధురేఫలవుతవి. యతిప్రాసలు తెలిసిన కన్ను ఒకటి పక్కన కూర్చోక తప్పదు.

ఇప్పుడు నేను చేస్తున్న పని అదే. శిష్యుడు పాత యంత్రం నుంచి పుట పుటకూ అచ్చు తీసి ఇస్తున్నాడు, ఫైలును మార్చి మా మనవరాలు ఇస్తున్నది, రెండూ పక్కపక్కన పెట్టుకొని నేను దిద్దుతున్నాను. 112 పుటలలో 70 అయినవి. దంపుడు పాటల దగ్గర ఆగాను. ఒక పాటలో రెండు చరణాలు అచ్చుప్రతిలో ఒక రకంగా, ఫైలులో ఇంకొక రకంగా ఉన్నవి. ఏది సరి అయిన పాఠమో చెప్పగలిగిన ఉపాధ్యాయ మిత్రుడు పీలేరులో కొడుకు దగ్గర ఉన్నాడు. వచ్చే ఆదివారం బస్సెక్కి పోయి అడగాలి. మీలో ఎవరివద్దనైనా ఇటువంటి ఫైళ్ళుంటే, వాటిని తెరిచే యంత్రం ఇంకా నడుస్తుండగానే బయటకు తీయండి.